రెండో పెట్టె రాని మ్యాట్నీ

మొన్న మా మనవరాలు సింధు సెలవులకు వచ్చింది. ప్రొద్దుటూరు ఎండకు గడప దాటలేక, నా పక్కన మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఒక సినిమా పెట్టి నన్నూ చూడమంది. అందులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరూ మన దేశం వాళ్ళే, ఏదో చలి దేశంలో రైలు తప్పిపోయి ఒకరికొకరు తగులుతారు. మర్నాడు చెరో విమానం ఎక్కాలి. అందాకా వీధులన్నీ తిరుగుతూ మాట్లాడుకుంటూనే ఉంటారు. తిండి తక్కువ, మాట ఎక్కువ. నా కళ్ళకు ఆ తెర అగ్గిపెట్టెంత ఆనింది గానీ విషయం మాత్రం బాగానే ఆనింది. అయిపోయాక సింధు ముక్కు తుడుచుకుని, "అంతా ఉత్తదే అవ్వా. ముక్కూ మొగం తెలీనోళ్ళు ఒక్క దినంలో అట్ల దగ్గరవుతారా ఎవరన్నా?" అంది. "దినమంతా ఎందుకే, ఒక ఇంటర్వెల్ చాలు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. కుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన కళ్ళు తెరవకుండానే, "చెప్పు, పులివెందుల కత చెప్పు దానికి. నాకు నోటికొచ్చు, తప్పులుంటే దిద్దుతా" అన్నాడు. ఆ రోజు దానికి పైపైన చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ కొంచెం కుదురుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మేము అప్పుడు జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. నాయన పెద్దముడియం బడిలో అయ్యవారు. తెలుగూ లెక్కలూ రెండూ ఆయనే చెప్పేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అంతకు కొంచెం ముందే భర్తను పోగొట్టుకున్న మా మేనత్త వచ్చి మా వంటింట్లో నిలబడింది, మళ్ళీ కూర్చోలేదు. పొద్దున్నే ఆమె వాకిట్లో నీళ్ళు చల్లితే నల్లమట్టి వాసన, ఆ వెంటనే తడిపిన బొరుగుల్లోకి పచ్చిమిరపకాయలు నూరి వేసిన ఉగ్గాని తాలింపు వాసన. ఈ రెండింటి మధ్య నాయన స్నానం చేసి, ఇస్త్రీ లేకపోయినా తెల్లగా ఉండే చొక్కా తొడిగి, సద్ది డబ్బా సంచిలో పెట్టుకుని బస్సుకు పోయేవాడు. సాయంత్రం వస్తే ఆ చొక్కాకు సుద్దముక్కల వాసన. ఆయన చేతిరాత మా చుట్టుపక్కల ఊళ్ళకంతా తెలుసు. పెళ్ళి జాబైనా, పొలం అర్జీ అయినా ఆయన చేత రాయిస్తే పని అవుతుందని నమ్మకం. ఆ మాటకొస్తే నాకూ అదే నమ్మకం. నాయన రాసిందంటే నిజమనే.

అత్తకు సినిమా పిచ్చి. భర్త పోయిన తర్వాత హాలు మెట్లు ఎక్కకూడదని తనకు తనే అనుకుంది, ఎవరూ వద్దనలేదు. అందుకని నేనే ఆమెకు సినిమా. శనివారం నేను స్నేహితురాళ్ళతో పోయి చూసి రావాలి, ఆదివారం ఆమె నాపరాతి బండ మీద చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాలి. ఎక్కడైనా తొందరపడితే పట్టుకునేది. "ఆగాగు, ఆ పిల్ల ఏడ్చేటప్పుడు ఏం చీర కట్టుకోనుండె?" అనేది. గుర్తు లేకపోతే ఏదో ఒక రంగు చెప్పేసేదాన్ని. పాటలు కూడా పాడి వినిపించాలి. నా పాట మొదలైతే పిల్లి లేచి పెరట్లోకి పోయేది, అత్త మాత్రం కళ్ళు మూసుకుని వినేది. రెండున్నర గంటల సినిమా మా ఇంట్లో మూడున్నర గంటలు ఆడేది.

మా ఊరి హాలుకు సొంతంగా రీళ్ళు వచ్చేవి కావు. ఒకే బొమ్మ ప్రొద్దుటూరుతోనూ జమ్మలమడుగుతోనూ కాపురం చేసేది. ముందు ప్రొద్దుటూరులో ఆట మొదలవుతుంది. అక్కడ మొదటి సగం అయిపోగానే ఆ రీళ్ళను రేకు పెట్టెలో సర్ది మా హాలు పనివాడు మస్తాను మోటారు సైకిలు వెనక కట్టుకుని వస్తే, అప్పుడు మాకు ఆట. మాకు ఇంటర్వెల్ పడేవేళకు మళ్ళీ వెళ్ళి రెండో పెట్టె తెచ్చేవాడు. అంటే ప్రొద్దుటూరు వాళ్ళు ఏడ్చి కళ్ళు తుడుచుకున్న తర్వాత గానీ మాకు ఏడవడానికి వీల్లేదు. ఇంటర్వెల్ ఎంతసేపన్నది హాలు యజమాని చేతిలో లేదు, మస్తాను టైర్లలో ఉండేది. మామూలుగా పది నిమిషాలు.

ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక దరఖాస్తు పెట్టాను. పరీక్ష రాశాను, మరిచిపోయాను. అది మాత్రం నన్ను మరిచిపోలేదు. ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా వచ్చే సోమవారం లోపల చేరాలని కాగితం వచ్చింది. మా ఊళ్ళో ఆడపిల్లకు ఎవరైనా లైను వేస్తే తన్నులు తినేవాళ్ళు. నాకేమో లైన్లు వేయడానికే జీతమిస్తామంటున్నారు. ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నాకు ప్రొద్దుటూరంటే పరదేశమే. అంగళ్ళు, బంగారం, జనం, పేరు తెలియని మనుషులు. అక్కడ హాస్టల్లో ఉండి, చెవికి ఆ యంత్రం తగిలించుకుని, ఎవరెవరి గొంతులనో కలపడం. నాకు వేరే ఏ కోరికా ఉన్నట్టు గుర్తు లేదు.

సరిగ్గా ఆ వారంలోనే పులివెందుల సంబంధం వచ్చింది. అబ్బాయి కువైట్‌లో ఏసీ మెకానిక్కు. సెలవు మీద వచ్చాడు, సెలవు అయ్యేలోగా పెళ్ళి చేసుకుని పోవాలి. వాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది, కట్నం మాట ఎత్తలేదు. చూపులకు వచ్చిన రోజు పులి వచ్చినట్టు వణికాను గానీ, తల ఎత్తలేదు గనుక నేను చూసింది రెండు పాదాలు మాత్రమే. పులి పాదాలైతే కావు, ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఉంది. వాళ్ళు వెళ్ళాక నాయన నన్ను పిలిచి, నా మొహం వైపు చూడకుండా, "వాళ్ళకు ఉద్యోగం చేసే పిల్ల వద్దంట పాపా. మంచి సంబంధం. ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకో అంటే ఒప్పుకో అని మా ఇంటి నిఘంటువులో అర్థం. నేను రెండు పూటలు అన్నం తినకుండా ఏడ్చి, మూడో పూట ఆకలికి తట్టుకోలేక సరేనన్నాను. నా తిరుగుబాట్లన్నీ భోజనం వేళతో ముగిసేవి.

వాళ్ళింకా ఖాయం చేయలేదు. అబ్బాయి ఇంకొక్కసారి దూరం నుంచి చూడాలన్నాడట. దానికి అత్త ఒక ఉపాయం చెప్పింది. శనివారం మ్యాట్నీకి పోదాం, అబ్బాయి తన బావతో కుర్చీ క్లాసులో కూర్చుంటాడు, మేము ఆడవాళ్ళ క్లాసులో. చూసుకోవచ్చు, మాట్లాడుకోకూడదు. మర్నాడు, ఆదివారం పొద్దున కబురు తెలియాలి. ఇష్టమైతే వాళ్ళ నాయన ఆకూ వక్కా తీసుకుని పెద్దలతో మొదటి బస్సుకు వస్తాడు. కాదంటే ఎవరూ రారు. నాలుగు రోజులు పోయాక జాతకాలు కుదరలేదని ఒక కార్డు ముక్క వస్తుంది. మా వైపు ఎవరూ ఎవరికీ మొహం మీద కాదని చెప్పరు. కాదన్నది ఎప్పుడూ పోస్టులోనే ప్రయాణం చేస్తుంది.

అత్త పదకొండేళ్ళ తర్వాత హాలు మెట్లు ఎక్కింది. "నాకేం సరదానా? నీ కోసం కావలి ఉండల్ల గదా" అని నాలుగుసార్లు చెప్పి, ఉతికిన చీర కట్టుకుని నాకంటే ముందు తయారైంది. ఆ బొమ్మ పూర్తిగా పరదేశంలో తీసింది. మన తెలుగమ్మాయి ఒక్కతే అక్కడికి పోయి చేతిసంచి పోగొట్టుకుంటుంది. ఊరు తెలియదు, భాష రాదు, మర్నాడు విమానం. ఇంకొక తెలుగబ్బాయి తగులుతాడు, సంచి వెతకడానికి ఇద్దరూ కలిసి తిరుగుతారు. చుట్టూ మంచు. ఆడవాళ్ళ క్లాసంతా ఆ పిల్ల చలిని తమ ఒంటి మీద వేసుకుంది. "అంత మంచులో ఆ గౌనేందమ్మా, ఎవరన్నా ఒక దుప్పటి కప్పండి ఆ పాపకు" అంది వెనకనుంచి ఒకామె. అత్త మాత్రం నోరు తెరవలేదు, కన్ను ఆర్పలేదు. నాకు కావలి ఉండాల్సిన మనిషి పూర్తిగా ఆ చలి దేశానికి వెళ్ళిపోయింది. సంచి దొరికీ దొరకనట్టున్న చోట దీపాలు వెలిగాయి.

పది నిమిషాలు అయింది, ఇరవై అయింది, గంట మోగలేదు. రెండో పెట్టె రాలేదు. మగవాళ్ళ వైపు ఈలలు మొదలయ్యాయి. ఆడవాళ్ళ వైపు ఆ పిల్ల సంచి ఎవరు తీసుంటారన్న దాని మీద పంచాయితీ మొదలైంది, అత్త దానికి పెద్దమనిషి. "నువ్వు పోయి సోడా తాగిరాపో" అని నన్ను తోలేసింది. ఆడవాళ్ళ పెరడుకూ మగవాళ్ళ పెరడుకూ మధ్య రొమ్ముదాకా వచ్చే గోడ ఒకటి ఉండేది, సోడా బండి దాని అవతల పక్క. నేను గోడ దగ్గరికి పోయి చేయి చాపేలోపే ఒక సీసా వచ్చి గోడ మీద కూర్చుంది. దాని వెనక ఒక మనిషి. పాదాలు కనిపించలేదు గానీ, అతనేనని తెలిసిపోయింది.

"తీసుకో. దుడ్లు ఇచ్చేసినా."

నేను అత్త వైపు చూశాను. హాలు తలుపులోంచి అత్త వీపు కనిపించింది.

"ఏంది, మాట్లాడవా?"

"మాట్లాడొద్దని చెప్పినారు."

"నాకూ చెప్పినార్లే. నువ్వు నాతో మాట్లాడొద్దు, ఈ గోడతో మాట్లాడు. నేనూ గోడతోనే మాట్లాడతా. దానికి ఎవురూ అడ్డం చెప్పరు గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు, మూడు రోజులుగా గొంతులో ఇరుక్కున్నది కూడా బయటికి వచ్చింది. "మనిషితో అయితే మీరు అనేదాన్ని. గోడ గాబట్టి నువ్వు అంటాండా. ఉద్యోగం చేసే పిల్ల వద్దని ఎందుకు చెప్పించినావు?"

"ఎవురు చెప్పినారు?"

"మీ ఇంట్లో."

"మా ఇంట్లో ఎవురూ అనల్యా. ఉద్యోగమేంది? ఎవురికి?"

"నాకే. ప్రొద్దుటూరు టెలిఫోన్ ఆపీసులో. సోమవారం చేరాల."

అతను తాగుతున్న సోడా గోడ మీద పెట్టేశాడు. "మీ నాయన మా నాయనకు జాబు రాసినాడు. మా నాయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించినా. వంట వచ్చు, ఇంటి పట్టునే ఉంటాది, ఉద్యోగం ఆలోచన లేదు అని ఉండె. అంత చక్కని అచ్చరాలు నేను యాడా చూడల్యా."

చెవుల్లో ఈలలు ఆగిపోయినట్టయింది. వాళ్ళు వద్దనలేదు. ఎవరూ అడగకుండానే, మా నాయనే, ఊరికంతా నిజం రాసిపెట్టే ఆ చేత్తోనే, నా ఉద్యోగాన్ని లేదని రాసేశాడు. రాసి, ఆ మాటను తిప్పి వాళ్ళ నోట్లో పెట్టి నాకు చెప్పాడు. గోడ పట్టుకున్నాను. అది మధ్యాహ్నం ఎండకు కాలుతోంది, అయినా వదల్లేదు.

"ఇప్పుడు తెలిసింది గదా" అన్నాను. "నేను ఉద్యోగంలో చేరతానంటే ఏమంటావు?"

బీడీ అంటించుకుంటున్న తన బావ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నిజం చెప్తా విను. నేను ఇంకా ఇరవై దినాలుంటా. పోతే మళ్ళా రెండేండ్లకు వచ్చేది. మాయమ్మకు మోకాళ్ళు పట్టుకున్యాయి. ఇంట్లో మొగోళ్ళకూ, తోటలో కూలోళ్ళకూ ఇంత సంగటి చేసి పెట్టేదానికి మనిషి కావల్ల. దానికి పెండ్లి అని పేరు పెట్టినారు. ఉద్యోగమంటే మా నాయన సస్తే ఒప్పుకోడు. మీ నాయన రాసింది అబద్ధమే గానీ, ఆయన భయం అబద్ధం గాదు."

"మరి నువ్వు?"

"నన్ను ఎవురడిగినారు? ఇంతవరకు అడిగింది నువ్వొక్కదానివే."

బావ ఇటు తిరిగాడు. ఇద్దరం ఖాళీ సీసాలు ఎత్తి తాగాం. ఆయన మళ్ళీ అటు తిరిగాక, నాకు నేనే ఎరగని ధైర్యంతో, నిజానికి ధైర్యం కాదు, ధైర్యం పని పక్కవాళ్ళ నెత్తిన పెట్టే తెలివితో, "అట్లయితే నేను నచ్చలేదని మీ ఇంట్లో చెప్పెయ్" అన్నాను.

అతను గోడ మీది సున్నం గోటితో గీస్తూ ఉండిపోయాడు. "నచ్చినాక నచ్చలేదని ఎట్ల చెప్పేది?" అన్నాడు చివరికి. నాతో కాదు, గోడతోనే.

వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు. పెట్టె రాలేదు. ఎండ గోడ మీదినుంచి నేల మీదికి దిగింది, మేము ఆ గోడకు చెరో పక్కన నిలబడే ఉన్నాం. అతను కువైట్ గదిలో ఎనిమిది మంది పడకల గురించి చెప్పాడు, ఎండ గురించి చెప్పాడు, పులివెందులలో ఎండ అంటే భయపడేవాళ్ళను చూస్తే ఇప్పుడు నవ్వొస్తుందన్నాడు. నెలకొకసారి తమ ఊరి అంగడికి ఫోను చేస్తే, అమ్మను పిలుచుకొచ్చేలోపే సగం టైము అయిపోతుందట. "మాయమ్మ అలో అని ఏడుపు మొదులు పెడతాది. అంతలో మూడు నిమిషాలు అయిపోయినాయి అంటాది ఆపరేటరమ్మ. ఆయమ్మ మీద నాకు శానా కోపం." "సోమవారం నుంచి ఆయమ్మ నేనే" అన్నాను. అతను పెద్దగా నవ్వి, బావ గుర్తొచ్చి మింగేశాడు. తర్వాత, "ఆ బొమ్మలో పిల్ల ఇమానం ఎక్కుతాదంటావా?" అని అడిగాడు. "ఎక్కాల. టికెట్టు ఉండాది గదా" అన్నాను. "ఎక్కితే వాడు ఏమైపోవాల?" "వాడికీ ఒక ఇమానం ఉండాది గదా." అతను నా వైపు మొదటిసారి సూటిగా చూశాడు. నేనూ తల ఎత్తే ఉన్నానని అప్పుడు తెలిసింది నాకు. ముక్కు కొంచెం పెద్దది. కళ్ళ కింద ఎండకు నల్లబడిన గీతలు. అంతకు మించి ఏం చెప్పినా తర్వాత కల్పించిందే అవుతుంది.

గేటు దగ్గర గోల లేచింది. టైరు పంక్చరైతే బండి దారిలో వదిలేసి, ఎవరిదో ట్రాక్టరు ఎక్కి మస్తాను రేకు పెట్టె భుజాన పెట్టుకుని వస్తున్నాడు. జనం పెళ్ళికొడుక్కు ఎదురుపోయినట్టు ఎదురుపోయారు. గంట మోగింది. "చెప్తావా?" అని అడిగాను. "ఎట్లోకట్ల చెప్తాలే, పో" అన్నాడు. రెండో సగం నాకు ఒక్క ముక్క కూడా ఎక్కలేదు. ఇంటికి నడుస్తూ అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ పిల్ల ఏం చేసిందో, వాడేం చేశాడో మొత్తం నాకు చెప్పింది. మా ఇంట్లో సినిమా చెప్పించుకున్నది నేను ఆ ఒక్క రోజే.

ఆ సాయంత్రం నాయన ఇంటి ముందు పంచలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాడు. తప్పు పదం కింద ఎర్ర గీత, పక్కన ఒప్పు పదం. నేను ఆయన ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేకపోయాను. ఆయన మీద కోపం లేక కాదు. అడిగితే ఆయన తల ఎత్తి ఏ మొహంతో చూస్తాడోనని భయం. "బొమ్మ బాగుండెనా పాపా?" అన్నాడు. "బాగుండె నాయనా" అన్నాను.

ఆదివారం అత్త తెల్లారకముందే లేచి ఇల్లు కడిగింది. వచ్చేవాళ్ళు ఎనిమిది మందని లెక్కేసి ఉగ్గానికి బొరుగులు తడిపింది. నాయన గడ్డం గీసుకుని, చొక్కాకు ఆ రోజు ఇస్త్రీ కూడా చేయించాడు. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వచ్చే మొదటి బస్సు హారను మా ఇంటికి వినిపిస్తుంది. విన్నాం. ఎవరూ రాలేదు. తడిపిన బొరుగులు మెత్తబడి ముద్దవుతున్నాయి. అత్త వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూ, "ఆడ బస్సు దిగి పూలంగడి కాడ నిలబడినారేమో" అంటోంది. నేను వంటింటి గోడకు ఆనుకుని, నేను కోరుకున్నదే జరుగుతోందని నాకు నేను చెప్పుకుంటున్నాను. చెవి మాత్రం వీధి వైపే పెట్టి ఉంచాను. రెండో బస్సు హారను కూడా వినిపించింది. కాసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడు. ఒక్క జత.

అతనొక్కడే వచ్చాడు. ఆకూ వక్కా లేవు, పెద్దలు లేరు. మా వైపు అలా ఎవరూ రారు. పెళ్ళికొడుకు తనే వచ్చి వాకిట్లో నిలబడటం మా వీధి ఎన్నడూ చూడలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"రా నాయనా, లోపలికి రా" అన్నాడు నాయన లేచి. "పెద్దోళ్ళు ఎనక వస్తాండారా?"

"రారు సార్. నేనే వచ్చినా."

"కూర్చో."

"కూర్చుంటే చెప్పలేను సార్." అతను గడప అవతలే నిలబడ్డాడు. "మీ పాప నచ్చలేదని చెప్తానని నిన్న ఒకరికి మాటిచ్చినా. రాత్రి ఇంట్లో చెప్పబోతే నోరు రాలేదు. అందుకని పెండ్లే వద్దని చెప్పినా. పాపలో వంక ఏమీ లేదు, వంకంతా నాదేనని చెప్పినా. కార్డు ముక్క రాస్తే మీరు ఇంకో తీరుగా అనుకుంటారని వచ్చినా."

"కొట్టినాడా మీ నాయన?" అంది అత్త. ఆమెకు డొంకతిరుగుడు తెలియదు.

"కొట్టల్యా అత్తా. మాట్లాడల్యా. మాయమ్మ పెట్టిన అన్నం కూడా నా దిక్కు చూడకుండా తిని లేచిపోయినాడు." కొంచెం ఆగి, నాయన వైపు తిరిగాడు. "మీ పాపకు ఉద్యోగం వచ్చిందంట గదా సార్. పంపీయండి. మీరు రాసిన జాబు సంగతి నేను ఎవురికీ చెప్పల్యా, చెప్పను."

అత్త అతన్నీ నాయన్నీ మార్చి మార్చి చూసింది. "జాబు సంగతేందన్నా? ఏం రాసినావు?"

నాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది. ఎదురింటి వాళ్ళు వింటున్నారని ఆయనకు తెలుసు. లోపలికి రమ్మని తలుపు వేయొచ్చు, తర్వాత చెప్తానని అత్తను కసరొచ్చు. అవేవీ చేయలేదు. "వాళ్ళు ఉద్యోగం వద్దని అనలేదు" అన్నాడు, బడిలో పాఠం చెప్పినంత స్పష్టంగా. "నేనే రాసినా. ఉద్యోగమంటే సంబంధం తప్పిపోతాదని భయపడి, లేదని రాసినా. పాపకు వాళ్ళ పేరు పెట్టి అబద్ధం చెప్పినా."

అత్త చేతిలోని గరిటె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఎదురింటి తలుపు మెల్లగా మూసుకుంది. అతను వంగి చెప్పులు వేసుకున్నాడు. "తిని పో నాయనా, ఎనిమిది మందికి చేసినా" అంది అత్త, ఇంకేం అనాలో తోచక. "బస్సుకు టైమైంది అత్తా" అన్నాడు. వంటింటి గుమ్మంలో ఉన్న నన్ను చూసి, "పోయొస్తా ఆపరేటరమ్మా" అని వెళ్ళిపోయాడు. ఇరవై రోజులకు కువైట్ వెళ్ళాడని విన్నాను. ఆ తర్వాత అతన్ని చూడలేదు. నేను అడిగిందే అతను చేశాడు, నాకు కావలసిందే నాకు దక్కింది, అయినా ఆ రోజు పెరట్లో కూర్చుని ఎందుకు అంతసేపు ఏడ్చానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు గానీ, మా ఆయన ఇది చదువుతాడు.

సింధు అంటుంది, ఇప్పుడైతే ఇద్దరూ నంబర్లు ఇచ్చుకునేవాళ్ళు గదా అవ్వా, పేరు చెప్పు, వెతికి పెడతా అని. నిజమే. ఇప్పుడు రాష్ట్రం చీలింది, జిల్లా చీలింది, మనుషులు మాత్రం ఫోనుల్లో విడిపోకుండా అతుక్కునే ఉన్నారు. కువైట్‌లో ఉన్న మొగుడికి పులివెందులలో పెళ్ళాం సంగటి ముద్ద ఎంత మెత్తగా వచ్చిందో చూపిస్తోంది. మంచిదే. నేను లైన్లు కలిపిన ఆ గదికి ఇప్పుడు తాళం, నేను చివరికి పెళ్ళాడిన లైన్‌మన్‌కు ఇప్పుడు కునుకు. అయితే ఒకటి. ఈ కాలం పిల్లలకు అడగడం వచ్చు. ఉద్యోగం చేస్తావా, నేను నచ్చానా, నీకేం కావాలి అని మొహాన అడిగేస్తారు. మా కాలంలో ఆ మాట అడగాలంటే టైరు పంక్చరు కావాలి, మధ్యలో ఒక గోడ ఉండాలి. పేరు మాత్రం సింధుకు చెప్పలేదు. అతను ఎక్కాల్సిన విమానం అతను ఎక్కాడు.

సోమవారం పొద్దున నాయన బడికి సెలవు పెట్టి, నా రేకు పెట్టె తనే మోసుకుని బస్సెక్కాడు. ఆదివారం అంతా మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఊరు దాటాక, "పాపా, నేను రాసింది" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన్ని క్షమించే వయసు నాకు అప్పటికి రాలేదు. ఇంతలో కండక్టరు వచ్చి, "యాడికి సార్? ఎంతమంది?" అన్నాడు. "ప్రొద్దుటూరుకు. పోయేటప్పుడు ఇద్దరం" అన్నాడు నాయన. తర్వాత, అతను అడగకపోయినా, "వచ్చేటప్పుడు నేనొక్కన్నే" అన్నాడు. కండక్టరు రెండు టికెట్లు చించి ఇచ్చాడు. నేను చేయి చాపి, నాది నేను తీసుకున్నాను.